గూళ్ళక్క పగటి నిద్ర

ఊరంతా పళ్ళు తోముకునే వేళకు గూళ్ళక్క ఇంటికొచ్చి పడుకుంటుంది. పడుకుంటుంది అన్నానే గాని నిద్రపోతుంది అనలేదు, గమనించారా? ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ కథ.

పార్సిళ్ళు వేరుచేసే ఆఫీసులో ఆమెది రాత్రి డ్యూటీ. గోడ పొడుగునా చెక్క గూళ్ళు, గూటికో ఊరు. బల్ల మీద గుట్టగా పోసిన పొట్లాలను ఒక్కొక్కటే తీసి, చిరునామా చదివి, దాని గూట్లో దాన్ని పెట్టాలి. ఏళ్ళ తరబడి అదే పని కావడంతో కన్ను కంటే ముందు చెయ్యే గూటికి పోయేది. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. తెల్లవారేసరికి బల్ల ఖాళీ అయ్యేది, సాయంత్రానికి మళ్ళీ గుట్ట పడేది.

ఇంటికొస్తే మాత్రం ఏం తక్కువ? భర్త విప్పిన చొక్కా కుర్చీ మీద, ఆయన కళ్ళజోడు కూరగాయల బుట్టలో, చదివిన పేపరు తలో పేజీ తలో మూల. కళ్ళు మూసుకుంటే రెప్పల కింద పొట్లాలు కదిలేవి. తెరిస్తే చొక్కా కనిపించేది. చూస్తూ ఊరుకునే ప్రాణమా అది? లేచి చొక్కా కొక్కేనికి తగిలించేది. వచ్చిన కునుకు కాస్తా పోయేది.

అలా నిద్ర చాలక, ఒక చలికాలం రాత్రి ఒక ఊరి పొట్లాన్ని పక్క ఊరి గూట్లో పెట్టింది. అది ఎవరికో వెళ్ళాల్సిన మందుల పొట్లం. ఆలస్యంగా చేరింది. సూపర్‌వైజరు మంచివాడు, కేకలెయ్యలేదు. ఇంకోసారి ఇలా జరిగితే గూళ్ళ దగ్గర్నుంచి తీసేసి గోనెలు కుట్టే చోట వెయ్యాల్సి వస్తుందమ్మా అని నెమ్మదిగా చెప్పాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. గూళ్ళు లేని గూళ్ళక్క ఎవరు? ఆ భయంతో ఉన్న నిద్ర కూడా పట్టడం మానేసింది.

ఇక ఆయన సంగతి. ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని బళ్ళకు ప్రశ్నపత్రాలు, షాపులకు కరపత్రాలు టైపు చేసిచ్చే మనిషి. కాగితం మీద కామా పక్కకు జరిగితే ప్రాణం విలవిల్లాడుతుంది గాని, తన తువ్వాలు ఎక్కడ పడేశాడో మాత్రం ఆయన్ని అడగకండి. ఇల్లు మొత్తం ఒక గది, ఒక వంటిల్లు. కంప్యూటరు బల్ల మంచాన్ని ఆనుకునే ఉండేది.

ఆ కంప్యూటరు మొరాయించడం మొదలెట్టింది. ఫైలు తెరవమంటే, అది తెరిచేలోపు టీ కాచుకుని, తాగి, గ్లాసు కూడా కడుక్కోవచ్చు. (ఆయన కడగడనుకోండి.) డిస్కులో ఫైళ్ళు ముక్కలై చెల్లాచెదురుగా పడి ఉంటాయని, వాటిని ఏరి ఒకచోట చేర్చే డీఫ్రాగ్ చేస్తే దారికొస్తుందని ఎవరో చెప్పారు. ఆయన ఆ సాఫ్ట్‌వేర్ల వేటలో పడ్డాడు.

మొదట కంప్యూటరుతో పాటు వచ్చినదాన్నే నడిపాడు. ఎంత శాతం అయిందో ఒక అంకె చూపించి నోరు మూసుకునేది. లోపల ఏం చేస్తోందో దానికే తెలియాలి. రెండోది నెట్‌లోంచి దింపాడు. తెరవగానే మీ డిస్కు ప్రమాదంలో ఉంది, వెంటనే కొనండి అని ఎర్ర అక్షరాలతో బెదిరించింది. ఆయనకు ఒళ్ళు మండి తీసిపారేశాడు. మూడోది పాతకాలపుది. నత్త నయం, అంత నిదానం. కానీ తెర నిండా చిన్న చిన్న గళ్ళు పరిచింది. చెదిరినవి ఎరుపు, కుదిరినవి నీలం, ఖాళీవి తెలుపు. ఇదీ లాభం లేదని దాన్ని మూసెయ్యబోతుంటే మంచం మీంచి గూళ్ళక్క తల ఎత్తింది.

"ఉండండి. ఏం చేస్తోందది?"

"ముక్కలన్నీ ఏరి, దేని చోట దాన్ని పెడుతోంది."

"ఎవరు పెడుతున్నారు?"

"ఎవరూ లేరు. అదే సర్దుకుంటుంది. అయ్యేదాకా మనం ముట్టుకోకూడదు."

మనం ముట్టుకోకూడదు. పుట్టి బుద్ధెరిగాక ఆమెతో ఎవరూ అనని మాట అది. చెయ్యి చెంప కింద పెట్టుకుని చూస్తూ పడుకుంది. ఒక ఎర్ర గడి ఆరింది. ఎక్కడో దూరంగా ఒక నీలం గడి వెలిగింది. డబ్బా లోపల డిస్కు గురగురమంటూ, కాసేపాగి, మళ్ళీ గురగురమంటూ పనిచేసుకుపోతోంది. ఎవరో తన బల్ల దగ్గర నిలబడి తన పొట్లాలు తీసి తన గూళ్ళల్లో పెడుతున్నట్టే ఉంది. ఆ ఎవరో తప్పు చెయ్యరు. తొందరపడరు. నువ్వు పడుకోవమ్మా అంటున్నట్టు గళ్ళు ఒక్కో వరుసే నీలం అవుతున్నాయి. కిటికీ తెర ఉబ్బి తగ్గింది. ఊళ్ళన్నీ వాటి వాటి గూళ్ళకు చేరాయి. ఆమె కూడా ఎక్కడికో చేరింది. ఆయన టైపు చేసిన కాగితాలు షాపుల్లో ఇచ్చి తిరిగొచ్చేసరికి ఆదమరిచి నిద్రపోతోంది.

మర్నాడు మళ్ళీ నడపమంది. తెరంతా నీలంగా వచ్చింది. సర్దడానికేమీ లేదని చెప్పి సాఫ్ట్‌వేరు విరమించుకుంది. గూళ్ళక్క అటు తిరిగి పడుకుని గోడను చూసింది. ఆ మరుసటి రోజు మాత్రం తెర మీద ఎర్ర గళ్ళు బోలెడు. ఆ తరవాత ప్రతి రోజూ అంతే. కంప్యూటర్లూ మన ఇళ్ళలాంటివే కాబోలు, రోజూ చెదిరిపోతాయి అనుకుని తృప్తిగా కళ్ళు మూసుకునేది. ఎండాకాలం, వానాకాలం అలా ఒక పొడుగాటి మధ్యాహ్నంలా గడిచిపోయాయి. చేతికి పాత నేర్పు తిరిగొచ్చింది. సూపర్‌వైజరు ఆ గోనెల మాటే మర్చిపోయాడు.

తరవాత ఒకరోజు గురగుర కాస్తా కటకటలోకి దిగింది. కంప్యూటరు రిపేరు చేసే తమ్ముడొచ్చి, డబ్బా విప్పి, ఏవేవో నొక్కి చూసి, బుర్ర గోక్కున్నాడు.

"పాత డిస్కే అనుకో అక్కా. కానీ దీని మీద రోజూ ఇంతింత కాపీ చేసి, ఇంతింత చెరిపేస్తున్నదెవరు? ఏం పగ దీని మీద?"

గూళ్ళక్క భర్త వైపు చూసింది. ఆయన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకున్నాడు.

"నేనే. ఈవిడ వచ్చేలోపు పాత ఫైళ్ళు కాపీ చేసి, మధ్యమధ్యలో కొన్ని చెరిపేసేవాణ్ణి. చెదిరితేనేగా అది సర్దేది. అది సర్దితేనేగా ఈవిడ పడుకునేది."

రిపేరు తమ్ముడు పగలబడి నవ్వబోయి, అక్క మొహం చూసి ఆపేశాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరి చొక్కా చూసి రోజూ పళ్ళు కొరికిందో, ఆ మనిషి తన కోసం రోజూ పొద్దున్నే కూర్చుని ఈ పని చేశాడా? ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది.

ఫైళ్ళన్నీ తమ్ముడు బిగించిన కొత్త డిస్కులోకి క్షేమంగా చేరాయి. అయితే ఈ కొత్తరకంలో తిరిగే భాగమేదీ లేదట, చప్పుడూ ఉండదట. డీఫ్రాగ్ అక్కర్లేదు, చేస్తే అనవసరంగా అరుగుతుంది, ఆ జోలికి పోవద్దని చెప్పి తమ్ముడు వెళ్ళిపోయాడు. కంప్యూటరు కన్నుమూసి తెరిచేంతలో లేస్తోంది. ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. అందులో గూళ్ళక్క కళ్ళు విప్పుకుని పడుకునేది.

కొన్నాళ్ళకు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూలబడింది.

"ఇవాళ చెయ్యి తప్పిందండీ. నేనే చూసి మార్చాను కాబట్టి సరిపోయింది. రేపు చూడకపోతే?"

ఆయన కాసేపు ఆమె పక్కన నిలబడి, వంటింట్లోకి వెళ్ళాడు. ఆమె నడుం వాల్చింది. లోపల ఒక డబ్బా మూత మోగింది. కాసేపాగి ఇంకోటి. బల్ల ఈడ్చిన చప్పుడు. ఆయన గొణుగుడు: ఇదిక్కడ... కాదు, ఇది ముందు... ఆ, ఇదీ. ఆయన డబ్బాలు సర్దుతున్నాడు! గూళ్ళక్క ఏం పగలగొడతాడో ఏమోనని లేవబోయింది. మంచం కిర్రుమంది.

"లేవకు," అన్నాడాయన లోపల్నుంచి. "అయ్యేదాకా ముట్టుకోకూడదు."

ఆమె మళ్ళీ వాలింది. డబ్బా ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు. మధ్యలో ఆలోచిస్తున్న నిశ్శబ్దం. కళ్ళు మూసుకుంటే గళ్ళు కనిపించాయి, ఎర్రనివి ఆరుతూ, నీలంవి వెలుగుతూ. ఈసారి ఆ గళ్ళ మధ్య తువ్వాలు భుజాన వేసుకుని ఒక మనిషి తిరుగుతున్నాడు. మహా నిదానం మనిషి. ఒక్కో ఊరినీ రెండు చేతులా ఎత్తి, గూటిలో పెట్టి, వెనక్కి జరిగి చూసుకుంటున్నాడు. ఆయన్ని పలకరిద్దామనుకుంటూనే ఆమె నిద్రలోకి జారిపోయింది.

లేచేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. వంటింటి అలమారలో డబ్బాలన్నీ అక్షరక్రమంలో నిలబడి ఉన్నాయి. టైపు చేసే బుద్ధి ఎక్కడికి పోతుంది! ఉప్పు, కాఫీపొడి, చక్కెర వరకూ ఫరవాలేదు. రోజూ కావలసిన బియ్యం అటక పక్కకెక్కింది. సబ్బుపొడిని ఒరుసుకుని సేమ్యా కూర్చుంది. వంటింటి గడపకు ఆనుకుని ఆయన కునుకుతున్నాడు, మోచేతి దాకా పిండి. గూళ్ళక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక్క డబ్బా కూడా కదపలేదు.

డ్యూటీకి వెళ్ళేముందు బట్టల బీరువా తెరిచింది. తన చేత్తో మడిచిపెట్టిన బట్టలు, ఏ వరుసకు ఆ వరుస. చెయ్యి ముందుకు రానంది. జన్మలో ఒక వస్తువును దాని చోటు తప్పించి ఎరగదు కదా పాపం. కాసేపు బతిమాలాక వచ్చింది. ఆయన చొక్కాల మధ్య తన దుప్పటి దూర్చింది. జతగా చుట్టిన మేజోళ్ళను విడదీసి తలో అరలో పడేసింది. తువ్వాళ్ళ మడతలు విప్పి కింది అరలో కుక్కింది.

బీరువా తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. రేపు తను ఇంటికొచ్చేసరికి ఆయనకు పనుండాలి కదా.