అక్క చేతికి ఈలపీట: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలుగా వెళ్లింది మా నాగమ్మక్క. పోయిన ఎండాకాలం బావి దగ్గర జారిపడి కుడిచేయి విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గానీ చివరి రెండు వేళ్లు వంగటం లేదు. కూర తరగబోయి రెండుసార్లు చేయి కోసుకుంది. అప్పటినుంచి తోటికోడలు తరిగిస్తేనే వంట. కత్తిపీటను మేము ఈలపీట అంటాం. ‘పెనుకొండలో అమ్మ కొన్న ఈలపీట లాంటిదే, అచ్చం అదే కావాల. దాంతోనైతే తరగగలను’ అని అక్క ఉత్తరం రాయించింది. హిందూపురంలో బడిపంతుల్ని కాబట్టి శనివారం సెలవు పెట్టి ఉదయం ఏడింటి ప్యాసింజరెక్కాను.

పెనుకొండ స్టేషను నుంచి ఊళ్లోకి జట్కా ఎక్కితే మనిషికి పావలా. కోట కొండ వైపు పోయే దారిలో కమ్మరి గంగులప్ప కొలిమి ఉంది. తొమ్మిదింటికే అక్కడ వేడి ముఖాన కొడుతోంది. గోడవారన పది ఈలపీటలు ఒకే అచ్చులో పోసినట్టు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటి మూడు రూపాయలు.

“అన్నీ ఒకటే కదా, మా అక్కకు ఏదో ఒకటి ఇవ్వు” అన్నాను.

“మాదిరి ఒగటే. పీటలు ఒగటి గావప్పా” అంటూ ఆయన రెండింటిని నేలమీద పెట్టి, నా చేతికి దోసకాయ ఇచ్చాడు. మొదటి పీట మీద కాయ తిన్నగా తెగింది. రెండోదాని మీద ఎడమకు జారింది. వంగి చూస్తే రెండో కత్తి బియ్యపు గింజంత పక్కకు ఒరిగి ఉంది.

“ఒకే ఇనుము, ఒకే చేయి. మరి ఈ తేడా ఎందుకొచ్చింది?”

“సుత్తి దెబ్బ ఒగటి ఎక్కువ పడితే వంపు మారుతాది. పొద్దున కొట్టిందీ మాపటికి కొట్టిందీ ఒగటవుతాయా?” అని, “మీ యక్క ఏ మోకాలు పైకి పెట్టి కూచుంటాది? యా చేత్తో నెడతాది?” అని అడిగాడు.

నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆమె చేతి కూర తింటున్నాను. తరుగుతుంటే ఒక్కసారైనా చూడలేదు. తెలియదన్నాక గంగులప్ప రెండు పీటలనూ గోనెపట్టాలో చుట్టాడు.

“రెండూ తీసకపో. ఆయమ్మ చెయ్యి ఏది ఒప్పుకుంటే అది పెట్టుకోండి. రెండోది మళ్ల తెచ్చియ్యి.”

మధ్యాహ్నం బండిలో ధర్మవరం చేరేసరికి మూడయింది. స్టేషను నుంచి అక్క వాళ్ల వీధి నడకదూరమే. ఇంటింటా మగ్గాల చప్పుడు. అక్క ముందు తిన్నగా ఉన్న పీటనే తీసుకుంది.

“ఇదేరా, అమ్మది!”

బీరకాయ పెట్టి నెట్టింది. వంగని వేళ్లు కత్తికి అడ్డమొచ్చాయి. చేయి వెనక్కి లాక్కుంది.

“పీటనని ఏం లాభం. నా చెయ్యే పోయినాది.”

నేను రెండో పీటను ముందుకు జరిపాను. వద్దంది. బతిమాలితే ఎడమ మోకాలు పైకి పెట్టి కూర్చుంది. ఈసారి వేళ్లతో కాక అరచేతి మొదలుతో నెట్టింది. ఒరిగిన కత్తి ఆ అరచేతికే ఎదురొచ్చినట్టుంది. ముక్క తెగిపడింది. ఇంకొకటి. ఇంకొకటి.

రోజూలాగే తోటికోడలు వచ్చింది. “ఏందక్కా, నన్ను పిల్చలేదే?”

“నువ్వు కూచో. ఈపొద్దు నేనే తరుగుతా” అంది అక్క తల ఎత్తకుండా. తర్వాత నాతో, “అమ్మదానికీ దీనికీ పోలికే లేదురా” అని నవ్వింది. ఆ పూట కూరలో ముక్కలు చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి. ఎవరూ ఒక్క ముక్క వదల్లేదు.

తిరుగు బండిలో చాలాసేపు ఆలోచించాను. చేత్తో చేసిన వస్తువుల్లో తేడాను నేను ఇన్నాళ్లూ లోపమనే అనుకున్నాను. తప్పుగా పడిన దెబ్బ అనుకున్నదే ఒక మనిషికి సరిపోవచ్చని కమ్మరికి తెలుసు. తోబుట్టువునై ఉండి నేనే చూడవలసినంత చూడలేదు.

మీరూ పెనుకొండ వెళ్లి ఈలపీట కొనాలనుకుంటే, బయల్దేరే ముందు ఒక పూట మీ వంటింట్లో కూర్చుని, తరిగేవారు ఏ మోకాలు పైకి పెడతారో, ఏ చేత్తో నెడతారో చూసి వెళ్లండి.