కొనేవాళ్లొస్తే తెరుచుకోని తలుపు

దయ్యాలు లేవని ఊరికే నమ్మి కూర్చున్నవాణ్ని కాదు నేను, వాదించి నెగ్గినవాణ్ని. కామారెడ్డిలో వాస్తు పండితులతో, చేతబడి తీస్తామనే వాళ్లతో వేదికలెక్కి తలపడ్డాను. జనం భయాన్ని అమ్ముకుని బతికేవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. అందుకే ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ కళ్లారా చూసింది దాచిపెడితే వాళ్లకూ నాకూ తేడా ఏముంటుంది?

మా మేనత్త బీడీలు చుట్టి ఎల్లారెడ్డిలో ఓ చిన్న ఇల్లు కట్టుకుంది. పిల్లలు లేరు. పోతూ పోతూ ఆ ఇంటిని మా అక్కకూ నాకూ రాసింది. అప్పటికే దుబాయి నుంచి వచ్చిన మా బావకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. తన కిడ్నీ ఇస్తానని అక్క ముందుకొచ్చింది. ఆపరేషన్‌కు డబ్బు కావాలి. ఇల్లు అమ్మడం తప్ప మాకు మరో దారి లేదు. రోజులు గడిచేకొద్దీ బావ మంచానికి అతుక్కుపోతున్నాడు.

అత్త పోయిన నక్షత్రం మంచిది కాదని, కొన్ని నెలలు ఇల్లు పాడుపెట్టాలని పంతులు చెప్పాడు. అంటే తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా వదిలేయాలి. "నక్షత్రం కోసం రోగం ఆగుతదా పంతులు?" అని అడిగాను. ఆయన నొచ్చుకుని వెళ్లిపోయాడు. దినాలైన మర్నాడే సున్నం వేసేవాళ్లను పిలిపించాను. వాడకట్టులో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

మొదట ఇల్లు చూడడానికి వచ్చింది నాగిరెడ్డిపేట రైతు మల్లయ్య, ఆయన భార్య. పట్టపగలు. నేను తాళం తీశాను. తలుపు రాలేదు. భుజం పెట్టి తోశాను. కొంచెం లోపలికి పోయి, మెల్లగా వెనక్కి వచ్చింది.

"ఇల్లు చూపెట్టుమంటే కుస్తీ పడుతున్నవేంది సారూ?" అన్నాడు మల్లయ్య.

ఆయన భార్య నవ్వలేదు. "పాడువెట్టకుండనే అమ్మవడితిరి. ఇంట్ల మనిషి ఇంకా పోలె" అని ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

వాళ్లు వీధి మలుపు తిరిగాక మళ్లీ ముట్టుకున్నాను. వేలితో తోస్తే తెరుచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వడ్రంగిని తెచ్చాను. అతని ముందు తలుపు బుద్ధిగా తెరుచుకుంది, మూసుకుంది. అయినా అంచులు చిత్రిక పట్టించాను. లోపలి గడియ మొత్తం ఊడదీయించాను. "చెక్కల తప్పు లేదు సార్. ఇంక గీకితే ఇది తలుపు కాదు, కిటికీ అయితది" అన్నాడతను.

తర్వాత ఊళ్లోనే కిరాణా దుకాణం నడిపే ఒకాయన వచ్చాడు. మళ్లీ అదే తంతు. ఆయన్ను గుమ్మం ముందే నిలబెట్టి, పక్కకెళ్లి కిటికీలోంచి చూశాను. తలుపు వెనక ఊడ్చిన గచ్చు తప్ప ఏమీ లేదు. తిరిగొచ్చి తోస్తే అదే బరువు. బిగుసుకున్న తలుపు మొండిగా ఉంటుంది. ఇది అట్లా లేదు. తోస్తే, వెనక ఎవరో ఆనుకుని ఉన్నట్టు సర్దుకుంటోంది. ఆయన "మల్లొస్త" అని పోయాడు, మళ్లీ రాలేదు. వెళ్లగానే తలుపు వచ్చేసింది. దాన్ని కాలితో తన్నాను. ఇన్నేళ్లు మనుషులతో వాదించి, చివరికి చెక్కతో పోట్లాటకు దిగాను.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "బావకు ఇయ్యాల ఊపిరాడలె తమ్మి. ఇల్లు ఏమాయె?"

తలుపు రావడం లేదని ఏ నోటితో చెప్పను? అయినా చెప్పాను. అక్క "ఈసారి నేనూ వస్త" అంది.

బస్టాండుకు దగ్గరని ఆ ఇంటి మీద మల్లయ్యకు మనసుండిపోయింది. భార్యను ఒప్పించి మళ్లీ వచ్చాడు. తాళం తీశాను, తోశాను. కదల్లేదు. చెమటలు పట్టాయి. మల్లయ్య వచ్చి నాతోపాటు తోశాడు. ఇద్దరం మగవాళ్లం. అది ఒక ఇంచు లోపలికి పోయి, మా ఇద్దరినీ వెనక్కి నెట్టింది.

"మీరు జరుగుండ్రి" అంది అక్క. అరచెయ్యి తలుపుకు ఆనించింది. గొంతు పెంచలేదు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే అంది: "అత్తమ్మా, జర పక్కకు జరుగు. ఇల్లు వోతె పోనీ. లేకుంటే నా పెనిమిటి దక్కడు."

తలుపు గోడదాకా తెరుచుకుంది. మల్లయ్య భార్య చాలాసేపు బయటే నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి, గుమ్మానికి దండం పెట్టి లోపలికి నడిచింది. ఆ రోజే బేరం కుదిరింది.

కామారెడ్డి బస్సులో నేను ఆగకుండా మాట్లాడాను. తేమకు చెక్క ఉబ్బుతుందని, ఎండకు సర్దుకుంటుందని, గాలి ఒత్తిడి అని. అక్క కిటికీలోంచి పొలాలు చూస్తూ విన్నది.

"నువ్వు తలుపును నూకినవ్ తమ్మి" అంది చివరికి. "మంచంల పడ్డప్పుడు అత్తమ్మను రోజు లేపి కూసోవెట్టింది నేను. ఆమె బరువు నాకు తెల్వదా?"

ఆపరేషన్ జరిగింది. బావ ఇప్పుడు బండి మీద భిక్నూర్ దాకా పోయివస్తున్నాడు. నేను ఈనాటికీ దయ్యాలు లేవనే అంటాను. చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, అది నిజం. కానీ గుమ్మం ముందు నిలబడ్డవాడు కొనడానికే వచ్చాడని దానికి ఎట్లా తెలిసిందన్న దగ్గర నా వాదన ఆగిపోతోంది.