గోడకు ఆనిన గుడ్డు కారు

డెస్మండ్ టకెట్ ఇంగ్లండులోని డెవన్‌లో జరిగిన కార్ల ప్రదర్శనలో రెండు రోజులు తన కార్లోనే బందీ అయిపోయాడు. ఆ పాత కారు మూడు చక్రాల గుడ్డు. ఉన్న ఒక్క తలుపూ మూతి మీదే, వెనక్కి నడిపే గేరు అసలే లేదు. వరస చెడకూడదని అక్కడి వాలంటీరు ఒకడు దాన్ని మూతి గోడకు ఆనేలా పెట్టించాడు. జనం అద్దాలకు ముక్కులానించి, "పెద్దాయనా, నాలుగో చక్రం ఎక్కడ పారేసుకున్నావు?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే, డెస్మండ్ పళ్ళు కొరుకుతూ ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు, విప్పుతున్నాడు. యజమాని కారు పక్కన నిలబడకపోతే బహుమతి కప్పు ఇవ్వరు. భార్య మోరీన్ కిటికీ దగ్గర మొత్తుకుంది: "జడ్జిగారు వచ్చేస్తున్నారయ్యా! ఏడాదంతా ఆ కప్పు కోసమే కదా కారు తుడిచి చచ్చావు!" జడ్జి వచ్చి, చూసి, వెళ్ళిపోయాడు.

ఇదంతా చెబితే డెస్మండ్ అంటాడు: "రెండ్రోజులు కాదు, ఒక్క పూట. పైకప్పు తెరుచుకుంటుంది, బయటికి రావచ్చు. వస్తే ఆ నాలుగో చక్రం సంగతి ప్రతివాడికీ చెప్పాలి."