కంటికి పెట్టిన పీహెచ్ పేపర్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను సూరత్‌లో, లింబాయత్ పక్కనున్న ఒక డైయింగ్ మిల్లు ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సుని. ఆ మిల్లులో పాలిస్టర్ బట్ట మెత్తబడాలని కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికిస్తారు. అది ఘాటైన క్షారం. బట్టలో మిగిలిన కాస్టిక్ పోవడానికి తర్వాత ఎసిటిక్ యాసిడ్ కలుపుతారు. రెండూ కలిసి లవణం, నీళ్లు అవుతాయి. మిల్లులో పనిచేసే మా తెలంగాణవాళ్లు దీన్ని "కాస్టిక్‌ను చంపుడు" అంటారు.

ఒక మధ్యాహ్నం, కాస్టిక్ డ్రమ్ముల దగ్గర పనిచేసే నర్సయ్యను ఇద్దరు మోసుకొచ్చారు. డ్రమ్ము వంచుతుంటే కాస్టిక్ చిమ్మి కుడి కంట్లో పడిందట. వెనకాలే ఆయన బామ్మర్ది మల్లేశం మగ్గుతో పరుగెత్తుకొచ్చాడు. వాసనకే తెలిసింది, ఎసిటిక్.

"జర జరుగు సిస్టర్, కంట్ల పోస్త. రోజూ బట్టకు గిదే చేస్తం గద. ఉప్పు, నీళ్లే మిగుల్తయి."

"ముందుగాల మగ్గు కింద పెట్టు."

"బావ కన్ను పోతది!"

"నువ్వు గది పోస్తె పోతది. ఆ రెండు కలిస్తె వేడి పుడతది. యాసిడ్ గూడ కాలుస్తది. బట్టకు మంట తెల్వది, మీ బావకు తెలుస్తది."

వాదించే తీరిక లేదు. మగ్గు లాక్కుని బయట పెట్టాను. నర్సయ్యను సింకు మీదకు వంచి, రెప్ప విడదీసి, నల్లా పైపుతో నీళ్లు వదిలాను. "సాలు సిస్టర్, దండం పెడ్త" అని ఏడ్చాడు. నేను ఆపలేదు. ఆసుపత్రికి కారు సిద్ధంగా ఉందని సూపర్‌వైజర్ తొందరపెట్టినా కదలనివ్వలేదు. కడగకపోతే కాస్టిక్ కంటి లోపలికి దిగుతూనే ఉంటుంది.

మల్లేశం నన్ను కొరికేసేలా చూస్తున్నాడు. ఊరికే నిలబెడితే మళ్లీ మగ్గు దగ్గరికే పోతాడనిపించి, "మీ పీహెచ్ పేపర్ పట్టుకరా" అన్నాను. యాసిడా, క్షారమా అన్నది రంగు మారి చెప్పే కాగితం అది. బట్ట మీద పెట్టి చూడటం అతని రోజువారీ పనే.

తెచ్చాడు. ఒక్క క్షణం నీళ్లు ఆపి, కింది రెప్ప లోపలి తడికి ఆనించాను. ముదురు నీలం. కాస్టిక్ ఇంకా ఉందన్నమాట.

"ఇంకా సావలే," అన్నాడు మెల్లగా. పైపు తనే అందుకున్నాడు.

కడిగాం, చూశాం, మళ్లీ కడిగాం. ఎప్పటికో కాగితం ఆకుపచ్చకు తిరిగింది, అంటే క్షారం పోయినట్టే. కాసేపాగి చూసినా అదే రంగు. అప్పుడే కారెక్కించాను.

కన్ను దక్కింది. కాస్త మసక మాత్రం మిగిలింది. తర్వాత ఒకరోజు మల్లేశం కళ్లెదుటే స్టీలు గ్లాసులో ఎసిటిక్, కాస్టిక్ కలిపాను. గ్లాసు ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేశాడు. "గిది బావ కంట్ల పోస్తుంటినా అక్కా!" అని గ్లాసును దూరంగా నెట్టాడు.

బట్టకు పనికొచ్చిన తెలివి ఒంటికి పనికిరాదని చెప్తే చాలదు, చేతికందేంత దూరంలో నీళ్లుండాలని నాకు ఆ రోజు తెలిసింది. డ్రమ్ముల పక్కన నల్లా పెట్టించేదాకా మిల్లు యజమాని సేఠ్‌ను వదల్లేదు.

ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా నర్సయ్య వాళ్లను ఆ నల్లా ముందు నిలబెడతాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, కుడి కంటితో వాళ్లను పరకాయించి చూస్తాడు.

"ఎర్ర అంగీ ఏసుకున్నవ్ గద? ముందుగాల నీళ్లు పోసిండ్రు, గందుకే కనవడ్తున్నవ్."