ఊయలలో పొత్రం

జగ్గయ్యపేటలో మా వీధి చివర దొరగారి మేడలో ఒక టేకు ఊయల ఉండేది. వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఇరవై ఒకటో రోజున దాన్ని అడిగి తెచ్చుకునేవాళ్లం. ముందు అందులో పచ్చడి నూరే పొత్రాన్ని పడుకోబెట్టి, తర్వాతే బిడ్డను వేసి పేరు పిలిచేవాళ్లం. డెబ్బైల చివర్లో మా అమ్మాయినీ అలాగే వేశాం. ఊయల తిరిగి ఇచ్చి నెల కాలేదు, వారసులు మేడను ప్రభుత్వానికి అప్పగించారు. దేశ చరిత్ర చూపించే మ్యూజియం చేస్తారన్నారు.

తెరిచిన వారంలోనే పిల్లనెత్తుకుని అత్తగారితో చూడ్డానికి వెళ్లాను. కత్తులు, నాణేలు, నాయకుల పటాలు దాటి చివరి గదిలోకి వెళితే, బడిపిల్లలు మా ఊయలను ఊపుతున్నారు. లోపల ఏమీ లేదు. ఖాళీ ఊయల ఊపితే అందులో పడుకున్న బిడ్డకు కీడని మా ఇళ్లలో భయం.

"ఆపండ్రా! మీ చేతులు పడిపోనూ!" అని అత్తగారు అరిచారు. బయటికొచ్చాక గొంతు తగ్గించి, "ఆఖరున అందులో పడుకుంది మన పిల్లేనే," అన్నారు.

ఆ సాయంత్రమే పిల్లకు ఒళ్లు కాలిపోయింది. నందిగామ డాక్టరు మందిచ్చినా జ్వరం దిగలేదు. మూడో రోజు పొద్దున్నే పొత్రాన్ని కొంగు కింద దాచుకుని వెళ్లి ఊయలలో పెట్టాను. కాపలా సాయిబు చూడనే చూశాడు.

"ఏంటమ్మా అది?"

"మా పిల్లకి బదులండి. ఖాళీగా ఊపేస్తున్నారు."

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. "మా ఇంట్లోనూ ఊపనివ్వరులే. నేను చూళ్లేదు, పో. పచ్చడెట్టా నూరతావని మీ అత్త తిడితే మాత్రం నన్నడక్కు."

జ్వరం దిగింది. మందుకో, రాయికో నాకు తెలియదు.

కొన్ని నెలలాగి పిల్లను చంకనేసుకుని మళ్లీ వెళ్లాను. పొత్రం ఊయలలో లేదు. దానికి తెల్లరంగుతో నంబరు వేసి, వంటసామాన్ల గదిలో అద్దాల పెట్టెలో పెట్టేశారు. ఊయల గదిలో ఎవరూ లేరు. అంతలో ఊరి బయటి సున్నపురాయి క్వారీలో మధ్యాహ్నపు పేలుడు. కిటికీ రెక్కలు దడదడలాడాయి. ఊయల కిర్రుమంటూ కదలడం మొదలుపెట్టింది. నా చంకలో పిల్ల దానివైపు రెండు చేతులూ చాచి నవ్వింది.

పిల్లను గట్టిగా అదుముకుని, రెండో చేత్తో ఊయల పట్టె పట్టుకుని అక్కడే కూలబడ్డాను. మూసే వేళయిందమ్మా అని సాయిబు రెండుసార్లు పిలిచినా చెయ్యి తియ్యలేదు.