ఏడాది జీతం, ఏడాది పురుగు

మా ఆయనకు మద్రాసు సర్కారు డబ్బు మంజూరు చేసిందని తెలిసిన రోజు, మా నాయన తర్లుపాడు వీధిలో కనబడిన ప్రతివాడి నోట్లోనూ చక్కెర పోశాడు. ఆ మంజూరు ఏడాదికేనని మరునాడు తెలిసింది. తిన్న చక్కెర కక్కమనలేడు గదా, ముఖం ముడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. అప్పటికి మా పెళ్లయి నెల కూడా కాలేదు.

మా నాయన మిషను బడిలో పంతులు. ఉద్యోగమంటే ఆయన లెక్కలో జుట్టు నెరిసేదాకా ఉండేది.

"ఏందల్లుడూ, ఇంత డాక్టరు చదువు చదివి జీతగాడివైతివా? మా ఊళ్ళో గొర్రెలు కాసేవాణ్ణి గూడా ఉగాదికి కుదుర్చుకొని ఉగాదికి పంపిస్తారు" అన్నాడు.

"వాడు ఏడు తిరిగేసరికి గొర్రెలన్నీ ఉండాయని చూపిస్తే చాలు మామా. నేను పురుగులు లేవని చూపించాల" అన్నాడు మా ఆయన.

నాకు నవ్వొచ్చింది. నాయన మాత్రం నవ్వలేదు.

ఆ పురుగు నారికురుపు పురుగు. మా వైపు దిగుడుబావులున్న ఊళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే కాళ్ళ మీద బొబ్బలు లేచేవి. బొబ్బ పగిలి, లోపలి నుంచి తెల్లటి దారం లాంటి పురుగు బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి. తొందరపడి తెంపితే కాలు వాచేది, ఒక్కోసారి కీలే బిగుసుకుపోయేది. మంట చల్లారుతుందని ఆ కాలు బావి నీళ్ళలో పెడతారు. పురుగు పిల్లలు నీళ్ళలో పడతాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఇంచుమించు ఏడాదికి మళ్ళీ కాలిలోంచి పురుగు వస్తుంది.

దీనికి మందు లేదు. నీళ్ళు బట్టలో వడగట్టుకుని తాగితే రాదని పుస్తకాల్లో ఉంది. కానీ పల్లె పల్లెంతా వడగట్టుకుంటే నిజంగా పోతుందా, అందరి చేతా వడగట్టించడం ఎట్లా అన్నది మా వైపు ఎవరూ కూర్చుని చూడలేదు. అలాంటివి తేల్చమని సర్కారు కొందరు కుర్ర డాక్టర్లకు నెలనెలా ఖర్చులకిచ్చి పల్లెలకు పంపింది. "రోగానికి మందిస్తే రోగి ఫీజిస్తాడు. రోగం రానివాడు ఎందుకిస్తాడు? రాకుండా చూసేవాడికి సర్కారే పెట్టాల" అనేవాడు మా ఆయన. ఆ మాట నాకు నచ్చింది. ఆ మనిషీ నచ్చాడు, అది వేరే సంగతి.

అయితే ఇందులోని తిరకాసు నాకు బండెక్కిన రోజే తట్టింది. పురుగుకు ఏడాది, జీతానికీ ఏడాది. ఇవాళ మనిషి మంచినీళ్ళు తాగితే ఆ మంచి కనబడేది వచ్చే ఎండాకాలం. అప్పటికి సర్కారు సంచీ మూతి బిగిస్తుంది. ఇంకో ఏడాది ఇస్తే తప్ప ఈయన పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ మాటే అంటే "చూద్దాంలే" అన్నాడు. ఆ "చూద్దాంలే" అంటే నాకు అప్పుడూ ఒళ్ళుమంటే, ఇప్పుడూ ఒళ్ళుమంటే.

మేం దిగింది పుల్లలచెరువు దోవలో ఒక పాలెం. అందరూ మాలాగే క్రైస్తవులు, కూలికి పోయేవాళ్ళు. ఊరి బావి మెట్టు వాళ్ళను తొక్కనిచ్చేవారు కాదు. అందుకని వాళ్ళ తాతలు ఒక కరువేడు బండ పగలగొట్టి తమ బావి తాము తవ్వుకున్నారు. ఆ పాలెంలో గుడికన్నా బావి పెద్దది. కొత్త కోడలు ఎవరొచ్చినా ముందు ఆ బావి దగ్గరికి తీసుకుపోయి, చివరి మెట్టు మీద నిలబెట్టి, దోసిట్లో నీళ్ళు తాపిస్తారు. తరువాతే ఇంట్లోకి. పెళ్లిళ్ళన్నీ ఎండాకాలంలోనే గనుక బావి అడుగంటి, నీళ్ళు ఆకుపచ్చగా ఉండేవి.

నేనూ కొత్త పెళ్లికూతురినే గదా. మాకు ఇల్లిచ్చిన పెద్దామె, ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని, నా చేయి పట్టుకుని మెట్లు దించింది. ఆమె కుడి మోకాలు వంగదు. ఒక్కో మెట్టుకూ ఆ కాలును పక్కకు తిప్పి, ఈడ్చి, కింద పెట్టేది. పాలెమంతా గట్టు మీద నిలబడి చూస్తోంది.

"మా తాతల చెమట ఇది తల్లీ. తాగు" అంది.

మా ఆయన నా వెనకే దిగాడు. ఆముదం తాగిన ముఖం పెట్టుకుని, "పెదాలకు తాకించి వదిలెయ్" అని గొణిగాడు. మొదటి రోజే మీ నీళ్ళు చెడ్డవంటే ఆ తరువాత తన మాట ఎవరు వింటారని ఆయన భయం. నాకేమో దొంగ పని చేతకాదు. నా కోసం ఆ మోకాలితో అన్ని మెట్లు దిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. దోసెడు నీళ్ళూ తాగేశాను. గట్టు మీద అందరూ ఒక్కసారి "ప్రభువుకు స్తోత్రం" అన్నారు. ఆ రోజంతా మా ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ తరువాత మా ఇంట్లో ఒక్క గుక్క కూడా బట్ట లేకుండా దిగలేదు. ఆయన ఇంటింటికీ తిరిగి కడవ మూతికి బట్ట కట్టడం చూపించేవాడు. కట్టినవాళ్ళు కట్టారు, మొహమాటానికి కట్టి ఆయన వీధి మలుపు తిరగ్గానే విప్పినవాళ్ళు విప్పారు. ఎండాకాలం మళ్ళీ రానే వచ్చింది. శ్రద్ధగా వడగట్టినవాళ్ళకూ పురుగు వచ్చింది. "ఇది పోయినేడు తాగిన నీళ్ళది" అని ఈయన మొత్తుకుంటే, "పోయినేటి సద్ది ఈ ఏడు కక్కుతారా ఎవరన్నా?" అని నవ్వారు. బట్టలు ఒక్కొక్కటే కడవల మూతి నుంచి దిగిపోయాయి. కడవ బట్ట తీసేసినవాళ్ళలో అత్త కూడా ఉంది. ఆ ఎండాకాలమే ఆమె చిన్న కొడుకు పెళ్లి.

సరిగ్గా అప్పుడు, మంజూరు పొడిగించాలో వద్దో చూడటానికి మద్రాసు నుంచి ఒక పెద్ద డాక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. దానికి రెండు రోజుల ముందు నా చీలమండ మీద దురద, మంట. చూస్తే బొబ్బ.

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ బొబ్బ వంక చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్నట్లా చూడలేదు. ముఖం వెలిగిపోతోంది. "వచ్చింది! సరిగ్గా ఏడాదికి వచ్చింది!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నేను నొప్పితో చస్తుంటే ఈయనకు పండగ. చేతిలో ఉన్న చెంబు విసిరేశాను. తగల్లేదు. తగిలుంటే బాగుండేదని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పెద్ద డాక్టరు మార్కాపురం స్టేషనులో దిగి, ఎద్దుబండిలో దుమ్ము కొట్టుకుని వచ్చాడు. చెడ్డ మనిషేం కాదు, అలసిన మనిషి. గుడి ముందు నీడలో మంచం వేస్తే కూర్చున్నాడు. ఆయన చూపు తిప్పినచోటల్లా పుల్లలకు చుట్టిన పురుగులతో కాళ్ళు చాపుకున్న మనుషులే.

"ఏడాది పని చేసి తగ్గించింది ఇదేనా?" అన్నాడు.

మా ఆయన పురుగు లెక్క చెప్పాడు. ఫలితం వచ్చే ఏడాది కనబడుతుందన్నాడు.

"నేను పోయిన ప్రతిచోటా కుర్రవాళ్ళు వచ్చే ఏడాదే అంటారు నాయనా. ఖజానాకు నేనేం చూపించను?"

నేను గోడ పట్టుకుని వింటున్నాను. తప్పంతా తనదైనట్టు మా ఆయన తల దించుకునేసరికి నాకెక్కడో కాలింది. కుంటుకుంటూ పోయి, ఆ పెద్దమనిషి ముందు మంచం కోడు మీద కాలు పెట్టాను. అత్త "అయ్యో, ఏందే ఇది" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడది మగవాడి ముందుకు కాలు చాపడమా!

"అయ్యా, నాది తర్లుపాడు. గిలక బావి నీళ్ళు తాగి పెరిగినాను. ఈ పురుగు మా ఇంటావంటా లేదు. పోయినేడు ఎండాకాలం ఈ పాలెంలో అడుగు పెట్టినరోజు దోసెడు నీళ్ళు వడగట్టకుండా తాగినా. అంతే. ఆనాటి నుంచి ఈయనదీ నాదీ ఒకే కడవ, ఒకే బట్ట. ఆయన కాలు చూడండి, నా కాలు చూడండి."

ఆయన నిజంగానే రెండు కాళ్ళూ చూశాడు. తరువాత పాలెం వాళ్ళ వైపు తిరిగి, "ఈమె ఆ నీళ్ళు తాగడం ఎవరన్నా చూశారా?" అన్నాడు.

"అందరం చూసినాం సామీ" అన్నారు.

ఆ మాట వాళ్ళ నోటి నుంచి వచ్చాక గాని వాళ్ళకు అర్థం కాలేదు. నేను ఆ రోజు తాగినదీ, తరువాత ఏడాది పొడుగునా వడగట్టుకోవడమూ, ఈ రోజు నా కాలూ, అన్నీ వాళ్ళు కళ్ళారా చూసినవే. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"నేనే తాపితినే!" అంది అత్త. అని అక్కడే కూలబడి ఏడ్చింది. "నాకు మా అత్త తాపింది. మళ్ళా ఏడు మోకాట్లో పురుగు తెగి కాలు బిగిసిపోయింది. నా తలరాత అనుకుంటి. నీ కాలికి నేనే తెస్తినే తల్లీ!"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. నా కాలు నెల తిరక్కుండానే నయమైంది. ఆమె కాలే ఇక నయమయ్యేది కాదు.

పెద్ద డాక్టరు లేస్తూ మా ఆయన భుజం తట్టాడు. "పురుగుకు ఏడాది పట్టేటప్పుడు మనిషికి ఏడాదే ఇస్తే ఎట్లా సరిపోతుంది? ముందే మాకు తోచవలసింది. ఇంకో ఏడాదికి రాస్తాను" అన్నాడు. రాశాడు కూడా. ఆ సంగతి వినగానే మా నాయన, "జీతగాణ్ణి రెండో ఏడూ పెట్టుకున్నారంటే పనిమంతుడే" అని తీర్పు చెప్పాడు. ఈసారి చక్కెర మాత్రం పంచలేదు.

అత్త కొత్త కోడలు ఆ ఎండ తగ్గకముందే వచ్చింది. పాలెమంతా మళ్ళీ గట్టెక్కింది. బావికి తీసుకుపోకపోతే తాతలకు అవమానం. తీసుకుపోతే ఏమవుతుందో ఇప్పుడు అందరికీ తెలుసు. అత్త ఏం చేస్తుందోనని నేను ముందుకు వంగి చూశాను. అత్త ఆ పిల్లను చివరి మెట్టు దాకా దించింది. తన పెట్టెలోంచి తెచ్చిన కొత్త బట్ట నాలుగు మడతలు వేసి ఆ పిల్ల దోసిలి మీద పట్టి, పైనుంచి చెంబుతో నీళ్ళు పోసింది.

"నీళ్ళు మన బావివే. బట్ట నాది. తాగు" అంది.

గట్టు మీద స్తోత్రం ఎప్పటికన్నా గట్టిగా వినిపించింది. ఆ రోజు నుంచి చాలా ఇళ్ళలో కడవల మూతికి బట్టలు మళ్ళీ ఎక్కాయి, ఇక దిగలేదు. విప్పితే అత్త ఊరుకునేదా?

మరుసటి ఎండాకాలం మేమిద్దరం రోజూ పొద్దున్నే అందరి కాళ్ళూ చూస్తూ పాలెమంతా తిరిగాం. అక్కడక్కడా, బట్ట మాట వినని ఇళ్ళలో పురుగు కనబడింది. పోయినేడు వచ్చిన కొత్త కోడళ్ళలో ఒక్కరికీ రాలేదు. మా ఆయన పొంగిపోయి, సర్కారుకు ఏం రాయాలో నాకు వినిపిస్తూ వీధిలో నడిచేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే మా కాపురంలో అంత హాయిగా గడిచిన ఎండాకాలం ఇంకొకటి గుర్తు రాదు.

ఒక సాయంత్రం నేనూ అత్తా బావి గట్టు మీద కూర్చున్నాం. ఆమె కోడలు నెత్తిన ఒక కడవ, చంకన ఒక కడవ పెట్టుకుని, మెట్లన్నీ గబగబా ఎక్కి మా పక్క నుంచి పోయింది. ఒక్క చుక్క తొణకలేదు. అత్త తన బిగిసిన కాలు చాపుకుని, ఆ పిల్ల మలుపు తిరిగేదాకా అట్లే చూసింది.

"నేను గూడా వచ్చిన కొత్తలో అట్లనే నడిచేదాన్నంట" అంది. "నాకు గుర్తు లేదు. మా ఇంటాయన చెప్పేవాడు."