సరస్సులో ఆయన వేసిన కేక

మా ఆయన సౌదీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. అన్నీ కూడితే మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది రెండున్నరేళ్ళు. ఈ కార్తీకంలో ఆయనకు ఖురూజ్, అంటే పని ముగించి దేశం వదిలే వీసా, పడింది. ఇక ఇంటికి వచ్చేయడమే. పోయేముందు తను బతికిన చోటు నాకు చూపించాలని తన యజమాని కఫీల్‌ను బతిమాలి విజిట్ వీసా తెప్పించాడు. మిగిలిన బతుకైనా కలిసి బతుకుతామని వచ్చాను.

ఆయన ఉత్తరాన జౌఫ్‌లో ఆలివ్ తోటల మోటార్లు చూసేవాడు. ఏకాదశి నాడు, శుక్రవారం సెలవు కాబట్టి, దూమతుల్ జందల్ సరస్సుకు తీసుకుపోయాడు. చుట్టూ ఎర్రటి గుట్టలు, మధ్యలో కంటికి ఆననంత నీళ్ళు. ఎండ తగ్గి గాలి చల్లబడింది.

"మా తోటలకెల్లి పారిన నీళ్లే ఇవి. నాకు తెల్వనివా?" అన్నాడు.

పడవలిచ్చే పాకిస్తాన్ అతను ఇద్దరికీ లైఫ్ జాకెట్లిచ్చాడు. ఆయన నాది బిగించి కట్టి, తనది కాళ్ళ దగ్గర పడేశాడు. కట్టుకోమన్నాను. "చెరువుల పుట్టిపెరిగినోనికి గిదెందుకే" అన్నాడు. చెరో తెడ్డు వేస్తూ పోయాం. తెడ్డు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అవతలి ఒడ్డున రెల్లు కనబడితే దాని దగ్గరకు పోయాం. మా ఊరి చెరువులో రెల్లున్న చోట మోకాలి లోతే. పశువులు దిగేది, మేం బట్టలుతికేది అక్కడే.

"ఇక్కడ దిగి పడవ గుంజుత, నువ్వు కూసో" అని ఆయన పడవ పక్కన కాలు పెట్టాడు.

అడుగు అందలేదు. మనిషి మొత్తం మునిగిపోయాడు.

తేలాక నోట్లోంచి నీళ్ళు కక్కుతూ, నేనున్న వైపు కాకుండా దూరంగా మేం బయలుదేరిన ఒడ్డుకేసి చూస్తూ "భాయ్! ఓ భాయ్, బచావ్!" అని అరిచాడు. మళ్ళీ మునిగాడు. తేలి మళ్ళీ అదే కేక. నేను జానెడు దూరంలో తెడ్డు చాపి ఉన్నాను. ఆయన కళ్ళు నా మీదికి రాలేదు.

తెడ్డుతో భుజం మీద కొట్టాను. అప్పుడు తిరిగి చూశాడు. ఎవరో తెలియనట్టు చూశాడు. ఆ తర్వాతే తెడ్డు పట్టుకున్నాడు.

పాకిస్తాన్ అతను మోటారు పడవలో వచ్చి పైకి లాగాడు. ఒడ్డుకు చేరాక ఆయన చొక్కా పిండుకుంటూ, "గట్టిగనే కొట్టినవ్" అని నవ్వబోయాడు.

నాకు నవ్వు రాలేదు. "పక్కకే ఉంటి గదా. నన్నెందుకు పిలువలే?"

"రూముల జరమొచ్చినా, మోటరు మీద పడ్డా భాయ్ అనే పిలిచిన. నోటికి గదే వచ్చింది."

"ఇంట్ల పడితే ఏమని పిలుస్తవ్?"

ఆయన పిండడం ఆపేశాడు. ముప్పై ఏళ్ళు ఫోన్లో నన్ను "హలో" అనే పిలిచాడు. జవాబు కోసం నిజంగానే వెతుక్కుంటున్నాడని ముఖం చూస్తే తెలిసింది.